కంకరకు, మట్టికి చోటు లేని మహానగర ప్రణాళిక

హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ పాలకులకును, రాష్ట్ర గనులు–భూగర్భ శాఖాధికారులకును బహిరంగ లేఖ

మహాశయులారా,

2013 జనవరిలో ప్రకటింపబడి 2031 వఱకు వర్తింపవలసిన మహానగర ప్రణాళికకు బదులుగా 2050 వఱకు చూపు సారించు నూతన ప్రణాళిక రూపు దిద్దుకొనుచున్న ఈ సమయమున, 2025 మార్చిలో మీ పరిధి ప్రాంతీయ వలయ రహదారి దాకా పెరిగి పదివేల చదరపు కిలోమీటర్లను మించినది మొదలు, ఏ పొలము నివాస మండలమగునో, ఏ బీడు వాణిజ్య మండలమగునో యని లక్షలాది జనులు మీ పటముల రంగులకై ఎదురు చూచుచుండగా, ఆ రంగుల నడుమ తమకంటూ చోటు దొరకని రెండు పదార్థములను గూర్చి మీతో మాటాడవలసి వచ్చినది. అందు మొదటిది ఈ నగరము దేనితో కట్టబడుచున్నదో ఆ రాయి. రెండవది ఈ నగరమును కట్టుటకై దేనిని త్రవ్వి పారవేయుచున్నామో ఆ మట్టి. నివాసమునకు, వాణిజ్యమునకు, పరిశ్రమకు, వినోదమునకు మండలములు ఏర్పఱచితిరని విన్నాము. కంకర తీయుటకు ఇది స్థలము, మిగులు మట్టి నిలువచేయుటకు ఇది స్థలము అని ధైర్యముగా చెప్పిన పటము మాత్రము మా కంట పడలేదు. రాయి గనుల శాఖ వ్యవహారము, మట్టి గుత్తేదారు వ్యవహారము, భూవినియోగము మాత్రమే మా వ్యవహారము అను వైఖరి మీ కార్యాలయములలో వేళ్లూనియున్నది. ఆ వైఖరిని నేను అంగీకరింపజాలను. ఇల్లు కట్టుకొను సామాన్య గృహస్థు సైతము వాననీరు ఎటు పోవలెనో, తూము ఎక్కడ పెట్టవలెనో చూచుకొని గాని పునాది తీయడు గదా!

క్వారీలే వలదని వాదించువారి పక్షమున నేను వ్రాయుటలేదని మొదటనే మనవి చేయుచున్నాను. ఒక ఘనమీటరు కాంక్రీటులో సుమారు 1,800 కిలోలు కంకరయు ఇసుకయునే. తక్కినది సిమెంటు, నీరు. నది ఇసుక చాలకపోవుటచే రాతిని నలగగొట్టి తీసిన రోబో సాండునే ఇప్పుడు విరివిగా వాడుచున్నాము గనుక, మన ఇండ్ల గోడలు, స్లాబులు, మెట్రో స్తంభములు, పైవంతెనలు అన్నియు ఏదో యొక గుట్టనుండి దిగి వచ్చినవే. ఆ గుట్టను నగరమునకు వంద మైళ్ల దూరమునకు నెట్టివేసినచో ప్రతి టన్నుకు అంత డీజిలు, అంత పొగ, అంత దారి అరుగుట అదనముగా చేరును. అనగా నగరము తన భారమును తనకు కనబడని ఊళ్ల మీదికి దొర్లించినదగును. కావున రాయి చేరువనే దొరకవలెను. అయితే ఏ గుట్టలో, ఎంత లోతు వఱకు, ఎన్ని యేండ్లు తీయవలెను, తీసిన పిమ్మట ఆ గోయి ఏమి కావలెను అనునవి తొలి పేలుడుకు ముందే తేలవలెను. ఈ నిర్ణయమునే భూవినియోగ ప్రణాళిక యందురు. ఇది మీ పని కాదని ఎట్లనగలరు?

నేడు ఈ నిర్ణయము చేయుచున్నదెవరు? దరఖాస్తుదారు ఏ సర్వే నంబరు చూపిన ఆ సర్వే నంబరు నుండియే కథ మొదలగును. గనుల శాఖ సీనరేజి లెక్క చూచును. కాలుష్య నియంత్రణ మండలి ధూళి లెక్క చూచును. రవాణా శాఖ వేబ్రిడ్జి చీటీ చూచును. మీరు ఆ ప్రక్కనే లేఅవుటుకు అనుమతినిత్తురు. ఒక్కొక్కరు తమ కాగితమును సక్రమముగనే చూచుకొందురు గాని, ఆ నాలుగు కాగితములు కలిసి ఒకే గ్రామము మీద పడునప్పుడు ఆ గ్రామమునకు ఏమగునో చూచు కన్ను ఏ కార్యాలయమునను లేదు. 1957 నాటి గనుల చట్టము 15వ విభాగము చిన్నతరహా ఖనిజములపై నియమములు చేయు అధికారమును రాష్ట్రములకే అప్పగించినది గనుక ఢిల్లీ మీద నెపము వేయుటకు వీలులేదు. ఐదు హెక్టార్లలోపు లీజులకు సైతము పర్యావరణ అనుమతి వలయునని సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరిలోనే, దీపక్ కుమార్ వ్యాజ్యమున, ఆదేశించినది. ఏ జిల్లాలో ఏ ఖనిజము ఎంతయున్నది, ఎక్కడ తీయవచ్చును, ఎక్కడ తీయరాదు అని జిల్లా సర్వే నివేదికను సిద్ధము చేయవలెనని 2016 జనవరి నాటి కేంద్ర ప్రకటన విధించినది. ఆ నివేదికలను మీ పటముతో ఎన్నడైన ప్రక్క ప్రక్కన పరచి చూచితిరా? చూచినచో, రాయి ఉన్నదని ఒక శాఖ వ్రాసుకొన్న చోటనే మఱియొక శాఖ ఇండ్లకు అనుమతులిచ్చి, ఇండ్లు లేచిన పిమ్మట క్వారీకిని కాలనీకిని కలహము పెట్టుట ఎట్లు సంభవించుచున్నది?

మీలో ఎవరైనను ఒక్క మధ్యాహ్నము క్రషరును ఆనుకొనియున్న చేని గట్టున నిలిచి చూడవలెనని నా ప్రార్థన. కన్వేయరు చివరనుండి నలుబది ఎం.ఎం. ఒక కుప్పగా, ఇరువది ఎం.ఎం. ఒక కుప్పగా, చిప్సు ఒక కుప్పగా రాలుచుండును. అన్నిటికంటె తేలికయైన డస్టు మాత్రము కుప్పలో నిలువక గాలికి లేచి పత్తి ఆకుల మీద పేరుకొనును. ఆకును వ్రేలితో తుడిచినప్పుడు గాని దాని పచ్చదనము బయటపడదు. పేలుడు వేళ సైరను మ్రోగగానే ఇల్లాలు అటకమీది గిన్నెలను దించి నేలబెట్టుకొనును. గోడ పగులునకు గత యేడు పూసిన సిమెంటు పూత ప్రక్కనే ఈ యేడు మఱియొక పగులు కనబడును. ఒడిశా నుండియు ఇతర రాష్ట్రముల నుండియు వలస వచ్చిన కూలీలు ముక్కునకు తువ్వాలు చుట్టుకొని ఆ ధూళిలోనే పని చేయుదురు. రాతిధూళి ఊపిరితిత్తులలో చేరి కలిగించు సిలికోసిస్ అను రోగమును నయము చేయు మందు నేటికిని లేదు. తడిపి రంధ్రము వేయుట, కన్వేయరుకు కప్పు వేయుట, నీరు చిమ్ముట, క్రషరు చుట్టును చెట్ల వరుసలు పెంచుట అనునవి అందఱెఱిగిన ఉపాయములే. అవి కాగితము మీద షరతులుగా ఉన్నవి. చేని గట్టున నిలిచినవానికి ఎన్ని కనబడునో మీరే లెక్కించి చెప్పుడు.

ఇక దారి మాట. 2025 నవంబరు 3వ తేదీ ఉదయమున తాండూరు నుండి హైదరాబాదునకు వచ్చుచున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల సమీపమున, మీర్జాగూడ కడ, కంకరతో నిండిన టిప్పరు ఢీకొనగా 19 మంది మరణించిరి. టిప్పరులోని కంకర బస్సులోనికి ఒరిగి ప్రయాణికులను నిలువున కప్పివేసెను. చేతులతోను యంత్రములతోను కంకరను తొలగించి గాని వారిని వెలికి తీయుటకు వీలుపడలేదు. ఆ ప్రమాదమునకు దోషి ఎవరన్నది న్యాయస్థానము తేల్చును. అది నా ప్రశ్న కాదు. కళాశాలలకును కొలువులకును పోవు జనముతో క్రిక్కిరిసిన బస్సులును, నగర నిర్మాణమునకు పోవు కంకర బండ్లును, విస్తరణ యేండ్ల తరబడి ముందుకు సాగని ఒకే రెండు వరుసల దారిన, ఒకే వేళ, ఎదురెదురుగా నడువవలెనని నిర్ణయించినదెవరు? ఎవరును నిర్ణయింపలేదందురేమో! నిర్ణయింపకుండుటయే ఇక్కడ నిర్ణయమైనది. గుట్ట ఎక్కడ నలుగునో, కంకర ఎక్కడికి చేరవలెనో ముందే తెలిసినప్పుడు, నడుమనున్న దారి మాత్రము అదృష్టమునకు వదలివేయదగినదా?

ఇప్పుడు మట్టి సంగతి వినుడు. కట్టడపు మొత్తము వైశాల్యముపై పరిమితిని 2006లో తొలగించిన నగరము మనది. కోకాపేటలోను నానక్‌రాంగూడలోను భవనములు ఆకాశమునకు ఎగబ్రాకిన కొలది వాహనములకై సెల్లార్లు పాతాళమునకు దిగుచున్నవి. ఒక ఎకరములో చుట్టును ఖాళీ విడువగా మూడువేల చదరపు మీటర్లలో పండ్రెండు మీటర్ల లోతు త్రవ్వినచో 36,000 ఘనమీటర్లు వెలికి వచ్చును. త్రవ్విన మట్టి గుల్లబారి నాలుగవ వంతు ఉబ్బునని చూచినచో, పదునైదు ఘనమీటర్లు పట్టు టిప్పర్లకు అది మూడు వేల ట్రిప్పులు. ఒక్క ఎకరమునకు మూడు వేల ట్రిప్పులు! మీకు సమర్పింపబడు భవన నమూనాలలో కారు నిలుపు గీతలు, లిఫ్టు కొలతలు, మెట్ల వెడల్పు అన్నియు అంగుళములతో సహా ఉండును. ఈ మూడు వేల ట్రిప్పులు ఎక్కడికి పోవునో చెప్పు పుట ఏదీ?

అది ఎక్కడికి పోవునో ఊరివారికి బాగుగా తెలియును. అర్ధరాత్రి దాటిన పిమ్మట టిప్పరు చెరువు శిఖములోనికి వెనుకకు నడిచి, దీపములార్పి, తొట్టి యెత్తి ఖాళీ చేసి పోవును. మొదట పూడునది చెరువు నడుమ కాదు. చెరువులోనికి నీరు తెచ్చు వరదకాలువ పూడును. ఆ పిమ్మట పూర్తి నీటిమట్టపు హద్దురాళ్లు మట్టిలో మునుగును. కొన్నాళ్లకు డోజరు వచ్చి చదును చేయును. వేసవి నాటికి అచట చెరువుండెనని పరాయివానికి తోచదు. మఱుసటి యేటికి ప్లాట్ల బోర్డు లేచును. కట్టకు, తూముకు, అలుగుకు ఏ హానియు జరుగదు. నీరు మాత్రము రాదు. రాని నీరు వానకాలమున ఎవరి ఇంటిలో జొరబడునో 2020 అక్టోబరు వరదలలో ఈ నగరము కన్నులార చూచినది. ఊళ్లలో చెరువుల పూడిక తీసి రైతుల పొలములకు తోలించుటకు 2015లో మిషన్ కాకతీయను ఆరంభించిన రాష్ట్రముననే, రాజధాని చెంత చెరువులను మట్టితో పూడ్చుట ఎట్టి వైపరీత్యము! చెరువుల రక్షణకు 2024 జూలైలో ప్రభుత్వము హైడ్రా అను సంస్థను ఏర్పఱచినది, సంతోషము. కాని మట్టికి న్యాయమైన చోటు చూపకుండ చెరువు గట్టున కాపలా పెట్టినంత మాత్రమున మట్టి పుట్టుట మానునా? ఒక చెరువున పట్టుబడిన టిప్పరు మఱునాటి రాత్రి వేఱొక వాగును వెదకికొనును.

అట్లని ఈ మట్టి పనికిమాలినదా? సుమారు 340 కిలోమీటర్ల ప్రాంతీయ వలయ రహదారి రానున్నది. ముప్పది మీటర్ల వెడల్పున రెండు మీటర్ల ఎత్తు కట్ట పోయుటకు కిలోమీటరుకు 60,000 ఘనమీటర్ల మట్టి వలయును. రమారమి రెండు ఎకరముల సెల్లార్లలో వెడలు మొరము దానికి సరిపోవును. నల్లరేగడి కట్టకు పనికిరాదు, నిజమే. సెల్లారు అడుగున రాయి తగులును, అదియు నిజమే. అయితే ఆ రాయి క్రషరునకు ముడిసరుకు, ఆ రేగడి తోటలకును పాత గోతులకును పనికివచ్చును. ఇంత సుళువైన లెక్క ఏల కుదరుట లేదు? మట్టి వెడలు నాటికి రహదారి పని మొదలు కాదు. రహదారి పని మొదలగు నాటికి ఆ మట్టి చెరువులో ఉండును. అప్పుడు గుత్తేదారు చేరువనున్న గుట్టకు పొక్లెయిను తోలి క్రొత్తగా మొరము త్రవ్వును. ఈ రెండు కాలముల నడుమ మట్టి రెండు మూడేండ్లు ఆగుటకు కొంత నేల వలయును. ఆ నేలను కేటాయించు అధికారము బిల్డరుకు లేదు, గుత్తేదారుకు లేదు, సర్పంచికి లేదు; మీకు మాత్రమే కలదు.

చట్టము ఈ మట్టి విషయమున మౌనముగా లేదు. కట్టలకును రహదారులకును భవనములకును పూడ్చుటకు వాడు సాధారణ మట్టిని 2000 ఫిబ్రవరిలోనే చిన్నతరహా ఖనిజముగా ప్రకటించిరి. రహదారులు, గొట్టపు మార్గములు మున్నగు పనులకు మట్టి తీయుటను పర్యావరణ అనుమతి నుండి మినహాయించుచు 2020 మార్చిలో కేంద్రము ఇచ్చిన వెసులుబాటును, ఎంత మట్టి, ఎంత మేరయను పరిమితియైన లేదని, సుప్రీంకోర్టు 2024 మార్చి 21న కొట్టివేసినది. దినమునకు 20 టన్నులకు గాని, ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులకు గాని మించి వ్యర్థములు పుట్టించువారు మట్టిని, కాంక్రీటును, ఇనుమును, ఇటుకను వేఱుచేసి నిర్వహణ ప్రణాళికను సమర్పింపవలెనని 2016 నాటి నిబంధనలు చెప్పినవి. జీడిమెట్లలోను ఫతుల్లాగూడలోను దినమునకు 500 టన్నుల చొప్పున కూల్చివేత వ్యర్థములను శుద్ధిచేయు కేంద్రములు నెలకొన్నవి, మెచ్చదగిన పనియే. కాని నేను పైని చెప్పిన ఒక్క ఎకరపు సెల్లారు మట్టి 65,000 టన్నులుండును. దానిని మాత్రమే పట్టినను అట్టి ఒక కేంద్రమునకు నూట ముప్పది దినములు కావలెను. పరిమాణమున ఇంతటి అంతరమును ప్రణాళిక గాక మఱేది పూడ్చగలదు?

ఇది ఎవరును చేయని అద్భుతము కాదు. ఇంగ్లండులో స్థానిక సంస్థలు తమ ప్రాంతమునకు వలసిన కంకర రాయి కనీసము పదేండ్లకు, ఇసుక, గులకరాయి ఏడేండ్లకు సరిపడ అనుమతులలో నిలువయుండునట్లు ముందుగా లెక్కకట్టి, రాయి ఉన్న నేలపై ఇండ్లు లేవకుండ కాపాడుకొనుచున్నవి. కెనడాలోని అంటారియో రాష్ట్రము మిగులు మట్టి కొఱకే 2019లో ప్రత్యేక నియమావళిని చేసి, త్రవ్వినవాడే ఆ మట్టి ఎక్కడికి చేరునో చూపవలెనని విధించినది. వారి నేల వేఱు, మన నేల వేఱు. అయినను త్రవ్వినవాడు లెక్క చెప్పవలెననుట ఏ దేశమునకైన వర్తించు ధర్మమే గదా.

కావున మేము కోరునది ఇది. నూతన ప్రణాళికలో రాతికొక పటము, మట్టికొక పటము చేర్చుడు. రాతి పటమున క్వారీలకు తగిన గుట్టలను, ఎన్నటికిని ముట్టరాని గుట్టలను వేర్వేఱుగా గుర్తించి, మొదటి వాని చుట్టును లేఅవుట్లకు, రెండవ వాని మీద లీజులకు అనుమతి నిరాకరింపుడు. ఒక్కొక్క లీజును విడివిడిగా గాక, ఒక గ్రామము చుట్టునున్న క్వారీలన్నిటిని కలిపి తూచి, గ్రామసభ ముందుంచి నిర్ణయింపుడు. కంకర బండ్ల దారులను, వేళలను ముందే నిర్దేశించి, దారి వెడల్పు చేసిన పిమ్మటనే ఉత్పత్తికి అనుమతినిండు. రాయి తీసిన గోతులను పూడ్చు ఖర్చును లీజు నాడే జమ కట్టించుకొనుడు. మురికి కలియని మట్టితో, భూగర్భజలమునకు హాని లేకుండ వానిని పూడ్చుడు. మట్టి పటమున నగరపు నాలుగు దిక్కుల ప్రభుత్వ భూములలో నిలువ స్థలములను కేటాయించి, మట్టి ఎక్కడికి చేరునో చూపని భవనమునకు త్రవ్వకపు అనుమతి నీయకుడు. చేరినట్లు వేబ్రిడ్జి లెక్క చూపని భవనమునకు నివాస యోగ్యతా పత్రము నీయకుడు. ప్రభుత్వ రహదారులకు క్రొత్త గుట్ట త్రవ్వుటకు ముందు ఆ నిలువ మట్టిని, పునర్వినియోగ కంకరను వాడవలెనని గుత్త షరతులలోనే వ్రాయుడు.

ఇందువలన ఇండ్ల ధరలు పెరుగునని బిల్డర్లు అందురు. కొంత పెరుగవచ్చును. కాని ఈ ఖర్చు ఇప్పుడు లేదనుకొనుట పొరపాటు. ఇప్పుడును ఉన్నది, చెల్లించువారు మాత్రము వేఱు. చెరువు పూడి ఇల్లు మునిగిన కాలనీవాసి చెల్లించుచున్నాడు. పత్తి చేను దుమ్ముపాలైన రైతు చెల్లించుచున్నాడు. ఊపిరితిత్తులతో వలసకూలీ చెల్లించుచున్నాడు. మీర్జాగూడ కడ పందొమ్మిది కుటుంబములు తిరిగిరాని మూల్యము చెల్లించినవి. అపార్టుమెంటు కొనువాని రశీదులో చేరని ఈ ఖర్చును అచ్చటనే చేర్చుట అన్యాయమా, లేక చేర్చకుండుట అన్యాయమా?

మహాశయులారా, మీరు ముసాయిదా ప్రణాళికను ప్రకటించి అభ్యంతరములను ఆహ్వానించు దినము వచ్చును. అంతకు ముందే గనుల శాఖవారును మీరును ఒకే బల్ల చుట్టును కూర్చుండి ఈ రెండు పటములను సిద్ధము చేయుడు. అవి లేని ముసాయిదా ఎన్ని రంగులలో అచ్చుపడినను, ఎన్ని భాషలలో వెలువడినను, అది అసంపూర్ణ ప్రణాళికయే. దానిని గ్రామ గ్రామమున చదివి వినిపించి, అభ్యంతరములను వ్రాతమూలకముగ మీకు సమర్పింతుము. పాఠకులకు సైతము నా విన్నపమొకటే: ముసాయిదా చేతికందిన నాడు మీ సర్వే నంబరు ఏ రంగులో ఉన్నదో చూచుకొని తృప్తిపడక, మీ ఇంటి కంకర ఏ ఊరినుండి వచ్చునో, మీ సెల్లారు మట్టి ఏ ఊరికి పోవునో ఆ పటములో వెదకుడు, కనబడకున్నచో సంతకము చేసి అడుగుడు.

ఇట్లు,
మీ పరిధిలోని ఒక గ్రామవాసి